పెట్టెలో గడియారం

కేశవులుకు చాలా విషయాలు తెలుసు. 'తెలియదు' అని చెప్పడం ఒక్కటే చేతకాదు.

అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. వాళ్ళ నాన్న బాలసుబ్రహ్మణ్యం చెట్టికి పెద్ద మార్కెట్టు పక్క సందులో దారాలు, గుండీలు, లేసులు అమ్మే చిన్న అంగడి ఉండేది. పుదుచ్చేరిలో తరాల నుంచీ ఉన్న వ్యాపారుల ఇళ్ళల్లో చాలామందికి మాట తెలుగు, రాత అరవం. కేశవులూ అంతే. అతనికి పదకొండేళ్ళప్పుడు నెల్లూరు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన అంగట్లో కూర్చుని, చేతిలోని తెలుగు కార్డు ఇచ్చి, "చదువు నాయనా, విందాం" అన్నాడు. చదవడం రాదని చెప్పలేక, అది పెళ్ళి పత్రికే అనుకుని, తనకు తెలిసిన పెళ్ళి మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు కేశవులు. వధువన్నాడు, వరుడన్నాడు, శుభముహూర్తమన్నాడు. అంగట్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అది ఎవరిదో కర్మకాండ కార్డు.

ఇంకొకడైతే ఆ దెబ్బతో ముందే 'నాకు రాదు' అని చెప్పడం నేర్చుకునేవాడు. కేశవులు మాత్రం ఇంకెప్పుడూ దొరికిపోకూడదని నేర్చుకున్నాడు. తెలియని మాట వస్తే తల ఊపేవాడు. తర్వాత ఎవరూ లేనప్పుడు పోయి, పుస్తకం తిరగేసో, యంత్రం విప్పి చూసో తెలుసుకునేవాడు. అలా తెలుసుకునే ఓపిక నిజంగానే ఉంది కాబట్టి ఆ గుట్టు బయటపడలేదు. అంగడి వద్దని, ఊరికి పడమట బట్టలకు అచ్చు వేసే ఫ్యాక్టరీలో 1969లో హెల్పరుగా చేరాడు. పదేళ్ళు తిరక్కుండానే మీటర్లు, గేజీలు బాగుచేసే మెకానిక్ అయ్యాడు. ఆవిరి గొట్టానికి చెయ్యి దగ్గరగా పెట్టి వేడి ఎంతో చెప్పేవాడు. ముల్లు చూస్తే డిగ్రీ రెండు డిగ్రీలు తేడా ఉండేది, అంతే. పనివాళ్ళు "చెట్టియారే" అని మర్యాదగా పిలిచేవాళ్ళు. ఒర్లియంపేటలో చిన్న ఇల్లు, భార్య హేమావతి, స్కూలుకు పోయే ఇద్దరు ఆడపిల్లలు. లోటు లేని బతుకు.

1986 మార్చిలో ఫ్యాక్టరీకి పెట్టె వచ్చింది.

దానికి ముందు, ఏ యంత్రం ఎంత వేడి మీద నడిచిందో గంటకోసారి చూసి నోటుపుస్తకంలో రాసేవాళ్ళు. చూసి రాసినవి కొన్ని, చూడకుండా రాసినవి కొన్ని. విదేశాలకు పంపిన బట్ట ఒకసారి రంగు వెలిసిందని తిరిగొచ్చింది. అచ్చువేసిన రంగు బట్టకు పట్టేది చాంబరులో ఆవిరి వేడికే. కొన్నవాళ్ళు 'మీ ఆవిరి వేడి ఎంత ఉందో నిమిషం నిమిషానికీ రికార్డు చూపించండి' అని అడిగారు. అప్పుడు మేనేజర్ విజయరంగన్ మద్రాసు కంపెనీ ఒకదానికి ఆర్డరిచ్చాడు.

వచ్చినవి రెండు సామాన్లు. ఒకటి ఆఫీసు పక్కన చల్లటి గదిలో పెట్టిన కంప్యూటరు. ఆ గదిలోకి అందరూ చెప్పులు విప్పి పోవాలి. రెండోది యంత్రాల మధ్య గోడకు బిగించిన పచ్చ ఇనుప పెట్టె. ఇరవైనాలుగు చోట్ల నుంచి వేడి కొలిచే తీగలు ఆ పెట్టెలోకి వస్తాయి. పెట్టె నిమిషానికోసారి అన్నిటినీ చూసి, చూసిన టైముతో సహా, పొడుగాటి కేబులు గుండా కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు దాన్ని దాచుకుంటుంది, ఎన్నేళ్ళయినా.

"దీని పేరు హిస్టోరియన్" అన్నాడు బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు ధనపాల్. "మీ ఫ్యాక్టరీ చరిత్ర రాస్తుంది. ఒకసారి రాసిందంటే బ్రహ్మరాతే, ఎవరూ దిద్దలేరు."

ధనపాల్‌కు సాయంగా విజయరంగన్ కేశవులును ఇచ్చాడు. మూడు రోజులు కేశవులు తిండి కూడా పెట్టె దగ్గరే తిన్నాడు. ఏ తీగ ఎక్కడి నుంచి వస్తుందో అతనికి తప్ప ఇంకొకరికి తెలియదు. ఒక్కో తీగకు ఒక నంబరు, ఒక పేరు, ఎంత కిందికి దిగితే ప్రమాదం, ఎంత పైకి పోతే ప్రమాదం, ఎంత మారితే రాయాలి, ఎంతలోపల మారితే రాయక్కర్లేదు, అన్నీ మీటలు నొక్కి పెట్టెకు చెప్పాలి. 'ఆవిరి చాంబరు, నూటరెండు డిగ్రీలు. తొంభైఐదుకు దిగితే కాగితం మీద గుర్తు వెయ్యి. అర డిగ్రీ లోపలైతే పట్టించుకోకు.' ఇలా ఇరవైనాలుగు.

రెండో రోజు కేబులు కలిపితే కంప్యూటరు తెర మీద అర్థంపర్థం లేని గుర్తులు వచ్చి పడ్డాయి. ధనపాల్ కేబులు మార్చాడు, మళ్ళీ మార్చాడు. కేశవులు పెట్టె మూత తీసి లోపలి చిన్న చిన్న మీటలను చూస్తూ ఉండిపోయాడు. "సార్, పెట్టె మాట్లాడే వేగం వేరే, అది వినే వేగం వేరేగా ఉండాయేమో" అన్నాడు. చూస్తే అదే. రెండు వైపులా ఒకే వేగం పెట్టగానే తెర మీద అంకెలు ముత్యాల్లా వరస కట్టాయి. ధనపాల్ భుజం తట్టాడు. ఆ సాయంత్రం కేశవులు ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్ళు నేలకు ఆనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ధనపాల్ మద్రాసు బస్సుకు సంచి సర్దుకున్నాడు. పెట్టెలోని గడియారానికి టైము పెట్టడం ఒక్కటే మిగిలింది. విజయరంగన్ వీడ్కోలు చెప్పడానికి వచ్చి నిలబడ్డాడు.

"టైము కొట్టి ఎంటర్ నొక్కండి, అయిపోయింది" అన్నాడు ధనపాల్, సంచి భుజాన వేసుకుంటూ.

గోడ మీద గడియారం రెండూ పది. పెట్టె కిటికీలో నాలుగు గీతలు మెరుస్తున్నాయి. కేశవులుకు ఒక అనుమానం వచ్చింది. ఇది గోడ గడియారం లెక్కా, ఇరవైనాలుగు గంటల రైలు లెక్కా? రెండు అని కొడితే, అది పగటి రెండో రాత్రి రెండో దీనికెట్టా తెలుస్తుంది? నోరు తెరిచాడు.

అదే క్షణంలో విజయరంగన్ అన్నాడు: "చూశారా, మా కేశవులుకు ఒకసారి చూపిస్తే చాలు. అన్నీ పట్టేస్తాడు."

కేశవులు నోరు మూసుకున్నాడు. సున్నా, రెండు, ఒకటి, సున్నా కొట్టి ఎంటర్ నొక్కాడు. పెట్టె కుయ్యిమంది. అందరూ చేతులు కలిపారు.

ఎవరూ లేనప్పుడు పెట్టెతో వచ్చిన పుస్తకం తీసి చూసుకుందాం అనుకున్నాడు. పుస్తకాన్ని విజయరంగన్ తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాత పనుల్లో పడి కేశవులు మరిచిపోయాడు. మరిచిపోయాననే తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. అందులో ఎంత నిజమో అతనికే తెలియాలి.

కంప్యూటరు గదిలో పనిచేసే అంబుజం ప్రతి మధ్యాహ్నం నిన్నటి రోజు లెక్కంతా కాగితం మీద అచ్చు తీసి మేనేజరుకు పంపేది. తేడా ఏదైనా వస్తే తప్ప విజయరంగన్ ఆ కాగితాలు చదివేవాడు కాదు, అవి కేశవులు దాకా వచ్చేవీ కావు.

ఏప్రిల్ చివర్లో రంగు నిలవని బట్ట బయటపడింది. చాలా తాన్లు. ఉతికి చూస్తే పువ్వులన్నీ కారిపోయి, ఎరుపంతా తెలుపులో కలిసిపోయింది. తాన్ల మీద వేసిన తేదీ ఒక బుధవారానిది. గంట రాసే అలవాటు లేదు, తేదీ ఒక్కటే. విజయరంగన్ ఆ బుధవారం కాగితం తీయించాడు. ఆవిరి చాంబరు వరసలో మూడు గంటలకు వేడి పడిపోయింది. నూటరెండు నుంచి ఎనభైఒకటికి. నలభై నిమిషాలు అలాగే ఉండి మళ్ళీ లేచింది. కాగితం మీద ఉన్న మూడు, తెల్లవారుజాము మూడు.

ఆ షిఫ్టులో ఆవిరి చాంబరు చూసుకున్నవాడు మునియన్.

మునియన్‌ది సోలై నగర్. వాళ్ళ నాన్న, అన్నలు చేపల వేటకు పోయేవాళ్ళు. ఇతనికి ఒక చెయ్యి చిన్నప్పుడు విరిగి సరిగా అతకలేదు, వల లాగడానికి పనికిరాలేదు. అందుకని ఫ్యాక్టరీలో చేరాడు. పన్నెండేళ్ళ సర్వీసు. నాలుగేళ్ళ కింద ఒకసారి రాత్రి డ్యూటీలో గోడకు ఆనుకుని కునుకు తీస్తూ దొరికాడు. ఆ ఒక్కటి కాగితం మీద ఉంది. అది చాలు.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. కేశవులును కూడా పిలిచారు.

"నేను నిద్రపోలేదు సార్" అన్నాడు మునియన్, చేతులు కట్టుకుని. "ముల్లు చూస్తానే ఉన్నాను. ఆ రాత్రి ఆవిరి తగ్గనే లేదు. నా బిడ్డల మీద ఒట్టు."

విజయరంగన్ కాగితాన్ని వేలితో కొట్టాడు. "మరి ఇదేంది?"

"నాకు తెలీదు సార్. పెట్టె తప్పు చెప్తా ఉందేమో."

విజయరంగన్ కేశవులు వైపు తిరిగాడు. "పెట్టె తప్పు చెప్పే వీలుందా కేశవులూ?"

అప్పుడు అతనికి గడియారం గుర్తుకు రాలేదు. అతనికి వినిపించింది 'నువ్వు చేసిన పని తప్పా?' అన్న ప్రశ్నే. ఒళ్ళు మండింది.

"పెట్టె తప్పు చెప్పదు సార్" అన్నాడు. "తప్పు చెప్పేది మనిషే."

మునియన్ తలెత్తి అతన్ని చూశాడు. కోపంగా కాదు. పన్నెండేళ్ళు కలిసి పనిచేసిన మనిషి కొత్తగా కనిపిస్తే చూసే చూపు. తర్వాత తల దించుకున్నాడు. ఆ శనివారం అతన్ని పనిలోంచి తీసేశారు. అతని బట్టల అరలోని చొక్కా, టిఫిను గిన్నె అందరి ముందూ తీయించి, గేటు దాకా వాచ్‌మన్‌ను తోడు పంపారు.

పదిరోజులు పోయాయి. మే నెల ఎండ. ఆదివారం సెలవు అయ్యాక సోమవారం మధ్యాహ్నం, ఆ వారమే కాగితాలు రోజూ చూడటం మొదలుపెట్టిన విజయరంగన్ కేశవులును పిలిచి, రెండు రోజుల కాగితాలు చేతికిచ్చాడు. "శనివారం సాయంత్రమే చాంబరు చల్లారిపోయినట్టు చూపిస్తా ఉంది. సెలవు ఆదివారం పొద్దున ఆరు నుంచి గదా? తీగ ఏమన్నా తెగిందేమో చూడు."

కేశవులు కాగితం చూశాడు. శనివారం, 18:00. అక్కడి నుంచి వేడి దిగుతూ వచ్చింది. ఆదివారం, 18:00. అక్కడ మళ్ళీ ఎక్కుతోంది.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు అతను ఆ చాంబరు పక్కనే నిలబడి ఉన్నాడు. గేజీ అద్దం మారుస్తూ చొక్కా తడిసిపోయేలా చెమట కార్చాడు. చాంబరు భగభగ మండుతోంది. చల్లారింది ఆదివారం పొద్దున ఆరుకు. మళ్ళీ అంటించింది ఈ సోమవారం పొద్దున ఆరుకు.

సరిగ్గా పన్నెండు గంటలు.

మేనేజరుకు ఏం జవాబు చెప్పాడో గుర్తులేదు. పెట్టె దగ్గరికి వెళ్ళి టైము మీట నొక్కాడు. గోడ మీద నాలుగూ ఇరవై. పెట్టె కిటికీలో 04:20. పదహారూ ఇరవై ఉండాల్సిన చోట నాలుగూ ఇరవై. పెట్టెకు ఇది ఇంకా తెల్లవారుజామే. పెట్టిన రోజు నుంచీ అది పగలును రాత్రిగా, రాత్రిని పగలుగా రాసుకుంటూ పోతోంది.

అంటే ఆ బుధవారం ఆవిరి పడిపోయింది తెల్లవారుజామున కాదు, మధ్యాహ్నం మూడుకు. అప్పుడు ఏం జరిగిందో అతనికి కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. కొత్తగా కొన్న ఉతుకు యంత్రాన్ని నడిపి చూద్దామని విజయరంగన్ బాయిలరు ఆవిరంతా అటు మళ్ళించమన్నాడు. "చాంబరు ఆపాలా సార్?" అని ఎవరో అడిగితే, "అరగంటకేం కాదు, నడవనీ" అన్నాడు. ఆ కొత్త యంత్రానికి గేజీ బిగించింది కేశవులే. మునియన్ ఆ టైముకు సోలై నగర్‌లో ఇంట్లో పడుకుని ఉంటాడు. పడుకోవాల్సిన వేళే అది.

కేశవులు చుట్టూ చూశాడు. ఎవరూ తనవైపు చూడటం లేదు. ఒకటి, ఆరు, రెండు, ఒకటి కొట్టాడు. ఎంటర్ నొక్కాడు. పెట్టె కుయ్యిమంది. తర్వాత మేనేజరు గదికి వెళ్ళి, "వదులు తీగ సార్. బిగించేసినాను" అన్నాడు.

పెట్టెను నమ్మి ఒకడి మీద తప్పు మోపడం పొరపాటు. దాన్ని కప్పిపుచ్చడం పొరపాటు కాదు, ద్రోహం. ఆ తేడా కేశవులుకు ఆ గది గుమ్మం దాటుతుండగానే తెలిసింది. తెలిసినా వెనక్కి తిరగలేదు.

తర్వాతి రోజుల్లో అతనికి మనుషుల ముఖాలు చూడటం కష్టమైంది. క్యాంటీన్‌లో మునియన్ కూర్చునే బెంచీ వైపు వీపు పెట్టి తినేవాడు. ఎవరైనా "చెట్టియారే" అని పిలిస్తే ఉలిక్కిపడేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎప్పటిలాగే ఉంది, అదే గుచ్చుకునేది. ఇంట్లో పిల్లలు లెక్క చెప్పమని వస్తే "నాకు తెలీదు పొండి" అని కసిరాడు. పిల్లలు బిత్తరపోయారు. వాళ్ళ నాన్న నోట ఆ మాట వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"ఏందండీ, అట్ట ఉండారు?" అని హేమావతి రెండు మూడుసార్లు అడిగింది. "ఒంట్లో బాగలేదా? డాక్టరు దగ్గరికి పోయొస్తారా?"

"ఎండ" అన్నాడు.

శుక్రవారం అతను సెలవు పెట్టాడు. పొద్దున పదింటప్పుడు వాకిట్లో ఎవరో పిలిచారు. హేమావతి వెళ్ళి చూసి లోపలికి తీసుకొచ్చింది. మునియన్ భార్య తిలగం. ఆకుల్లో చుట్టిన తాటిముంజలు తెచ్చింది. శాకాహారుల ఇల్లని తెలిసి, చేపలమ్మే మనిషి చేతులు సబ్బుతో రుద్దుకుని వచ్చినట్టుంది, వేళ్ళ చివరలు ముడతలు పడి ఉన్నాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

కేశవులు ఆమె తనను తిట్టడానికి వచ్చిందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మీ మాటంటే మేనేజరు వింటారంట చెట్టియారే" అంది తిలగం అరవంలో. "మళ్ళీ తీసుకోమని ఒక్క మాట చెప్పండి. ఏ పనైనా పరవాలేదు, ఊడ్చే పనైనా చేస్తాడు."

కేశవులు గోడ వైపు చూస్తూ, "వాడికి నా మీద కోపం లేదా?" అన్నాడు.

"కోపమెందుకు? మొదట్లో 'నేను నిద్రపోలేదు, నిద్రపోలేదు' అని తల కొట్టుకున్నాడు. ఇప్పుడు అదీ లేదు." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "'చెట్టియార్ అబద్ధం చెప్పే మనిషి కాదు తిలగం. ఆయనే అన్నాడంటే నేను నిద్రపోయే ఉంటాను. కళ్ళు తెరిచే ఉన్నాననుకున్నానేమో' అంటా ఉన్నాడు. కూర్చున్నోడు కూర్చున్నట్టే చేతులు చూసుకుంటా ఉన్నాడు. తన మీద తనకే నమ్మకం పోయింది చెట్టియారే. నాకు అదే భయంగా ఉంది."

హేమావతి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తిలగం తాగి, గ్లాసు కడిగి పెట్టబోతే హేమావతి లాక్కుంది. "చూస్తాను" అన్నాడు కేశవులు. ఆ ఒక్క మాటకే తిలగం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అతను ఆ దణ్ణాన్ని చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె పోయాక హేమావతి వంటింట్లో ముంజలు ఒలుస్తుంటే, కేశవులు పక్కన పీట మీద కూర్చుని మొత్తం చెప్పాడు. రెండూ పది నుంచి పదహారూ ఇరవై దాకా. ఏదీ దాచలేదు.

హేమావతి చేతులు ఆగిపోయాయి.

"ఇది పగలా రాత్రా అని ఆ మద్రాసాయన్ని అడిగుంటే ఏం పోయేది మీకు?" అంది.

కేశవులు కింద పడిన ముంజ తొక్కలు ఏరసాగాడు.

"ఆ మనిషి మనింట్లో మజ్జిగ తాగి, మీకు దణ్ణం పెట్టి పోయింది. ఈ ముంజలు నేనెట్ట తినేది?" ఆకులతో సహా గిన్నె పక్కకు జరిపేసింది. "మీ ఉద్యోగం పోతే పోనీ అనేంత ధైర్యం నాకు లేదు. భయంగానే ఉంది. కానీ చెప్పకుండా ఉంటే మాత్రం ఈ ఇంట్లో నేను మీ మొహం చూడలేను."

మర్నాడు కేశవులు మేనేజరు గది తలుపు మూసి, నిలబడే అన్నీ చెప్పాడు. విజయరంగన్ మొదట నమ్మలేదు. తర్వాత బుధవారం కాగితం తీసి, మూడు గంటల దగ్గర వేలు పెట్టి, అలాగే ఉండిపోయాడు. ఆ మధ్యాహ్నం 'నడవనీ' అన్నది ఎవరో ఆయనకూ గుర్తొచ్చింది.

"ఇప్పుడు గడియారం సరిగా ఉందా?"

"ఉంది సార్."

"అయితే ఎవరికీ చెప్పొద్దు. పెట్టె తప్పని తెలిస్తే, కొనేవాళ్ళు మన రికార్డు ఒక్కటి కూడా నమ్మరు. మునియన్‌ను దయతలచి మళ్ళీ తీసుకుందాం. ఒక క్షమాపణ రాసిస్తే చాలు. వాడికి పని దొరుకుతుంది, నీకు పరువు దక్కుతుంది. ఏమంటావు?"

కేశవులు తల ఊపాడు. అవును, ఊపాడు. మునియన్‌కు అన్నం దొరుకుతుంది కదా అనుకున్నాడు. మెట్లు దిగుతుంటే ప్రాణం తేలికపడినట్టు కూడా అనిపించింది. ఆ తేలికకు అతను తర్వాత జీవితమంతా సిగ్గుపడ్డాడు.

మంగళవారం మునియన్‌ను పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గదిలో విజయరంగన్, అంబుజం, ఇద్దరు గుమాస్తాలు, గోడ పక్కన కేశవులు. అంబుజం టైపు చేసిన కాగితం చదివి వినిపించింది. 'డ్యూటీలో నిద్రపోయి కంపెనీకి నష్టం కలిగించినందుకు క్షమించమని, ఇకపై అలా జరగదని...'

"ఇక్కడ సంతకం" అన్నాడు విజయరంగన్.

మునియన్ పెన్ను తీసుకున్నాడు. వంకర చేతితో కాగితం పట్టుకుని, వంగి, కేశవులు వైపు చూసి చిన్నగా నవ్వాడు. "అంతా మీ దయే చెట్టియారే" అన్నాడు.

"మునియా, సంతకం పెట్టొద్దు."

ఆ గొంతు తనదేనని కేశవులుకు ఒక క్షణం తర్వాత తెలిసింది. అందరూ తిరిగి చూశారు.

"నువ్వు నిద్రపోలేదు. ఆ రాత్రి ఆవిరి తగ్గలేదు. పెట్టెకు టైము నేను తప్పు పెట్టినాను. పగలని చెప్పకుండా రెండు అని కొట్టినాను. అడగడానికి నామోషీ అయి అడగలేదు. తెలిసినాక కూడా నోరు మూసుకుని టైము దిద్దేసినాను. పడిపోయింది మధ్యాహ్నం మూడుకు. నువ్వు అప్పుడు ఫ్యాక్టరీలోనే లేవు."

ఒక గుమాస్తా, "మధ్యాహ్నం మూడంటే... కొత్త యంత్రం ట్రయలు నాడా?" అని, మేనేజరు ముఖం చూసి ఆపేశాడు. మునియన్ పెన్నును జాగ్రత్తగా మూతపెట్టి బల్ల మీద పెట్టాడు. సంతకం పెట్టలేదు. బయటికి వెళ్ళిపోయాడు.

అంతమంది ముందు పడిన మాటను విజయరంగన్ కప్పిపెట్టలేకపోయాడు. వారం తిరక్కుండా మునియన్‌ను పాత పనిలోకే, క్షమాపణ లేకుండా, పోయిన రోజుల జీతంతో సహా తీసుకున్నారు. కేశవులును మెకానిక్ పని నుంచి తప్పించి స్టోరుకు మార్చారు. బోల్టులు, వాషర్లు, గ్లవుజులు చీటీ చూసి ఇచ్చే పని. చెయ్యి పెట్టి వేడి చెప్పే మనిషికి ఇనుప జాలీ వెనక ఒక స్టూలు. ఎవరూ తిట్టలేదు. స్టోరు కిటికీ ముందు నిలబడి కొందరు పనిగట్టుకుని "టైమెంత చెట్టియారే?" అని అడిగేవాళ్ళు. అతను గడియారం చూసి, మధ్యాహ్నమో ఉదయమో కూడా కలిపి చెప్పేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

స్టోరుకు పోయే ముందు అతను చేసిన పని ఒకటుంది. చెప్పులు విప్పి కంప్యూటరు గదిలోకి వెళ్ళి, ఆ బుధవారం లెక్క దిద్దే వీలుందా అని అంబుజాన్ని అడిగాడు.

"లేదు సార్. లోపలికి పోయింది పోయినట్టే ఉంటుంది."

"అట్టయితే అచ్చుతీసిన కాగితాలివ్వు."

మార్చిలో ధనపాల్ బస్సెక్కిన నాటి నుంచి మే దాకా ఉన్న కాగితాలన్నీ ముందు వేసుకుని, ఒక్కోదాని పైన పెన్నుతో అరవంలోనూ ఇంగ్లీషులోనూ రాశాడు: 'ఇందులో టైముకు పన్నెండు గంటలు కలపాలి. తప్పు నాది. బి. కేశవులు.' అరవై పైచిలుకు కాగితాలు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అంబుజం ఒకసారి, "ప్రతిదాని మీదా పేరు ఎందుకు సార్, మొదటిదాని మీద చాలదా?" అంది. అతను తల అడ్డంగా ఊపి రాస్తూనే ఉన్నాడు.

మునియన్ అతనితో మాట్లాడలేదు. స్టోరుకు వస్తే చీటీ జాలీలోంచి లోపలికి తోసి, సామాను తీసుకుని పోయేవాడు. ఏడాది దాటింది. మరుసటి ఏడు ఆగస్టులో ఒకరోజు సాయంత్రం, ఫ్యాక్టరీ బయట బస్సు కోసం ఇద్దరే నిలబడాల్సి వచ్చింది. వాన మొదలైంది. టీకొట్టు రేకు కింద పక్కపక్కన నిలబడ్డారు.

"మునియా" అన్నాడు కేశవులు. "నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు."

"అదంతా సరే చెట్టియారే" అన్నాడు మునియన్. "నలుగురి ముందు చెప్పినారు. ఇంకొకడైతే చెప్పడు. తిలగం కూడా అదే అంటుంది."

బస్సు ఇంకా రాలేదు. మునియన్ వాన వైపే చూస్తూ అన్నాడు:

"కానీ ఒక్కటి. ఇప్పటికీ రాత్రి డ్యూటీలో గంటకోసారి తొడ గిల్లుకుంటాను. మెలకువగానే ఉన్నానా అని. ముల్లు నూటరెండు చూపిస్తా ఉంటుంది, నేను చూస్తానే ఉంటాను, అయినా నమ్మకం రాదు. పక్కవాణ్ణి పిలిచి, 'నేను మేలుకునే ఉన్నాను గదా?' అని అడుగుతా ఉన్నాను. వాళ్ళు నవ్వుతారు." రేకు అంచున కారే నీళ్ళకు కాస్త వెనక్కి జరిగాడు. "అది పోలేదు చెట్టియారే. ఎట్ట పోతుందో మీకేమన్నా తెలుసా?"

"తెలీదు మునియా" అన్నాడు కేశవులు.

సోలై నగర్ వైపు పోయే బస్సు వచ్చింది. మునియన్ తలకు తువ్వాలు కప్పుకుని పరుగున ఎక్కాడు. ఆ బస్సు కేశవులు ఇంటి దారిలోనే పోయేదైనా అతను ఎక్కలేదు. వానలోనే ఒర్లియంపేట దాకా నడుచుకుంటూ పోయాడు.